మంచు మీద వాన

దక్షిణ ధ్రువపు మంచు మీద వాన పడుతోందని ఎల్లాజీ ఫోనులో చెప్పినప్పుడు, నూకరత్నం మొదట అతను తనని ఆట పట్టిస్తున్నాడనుకుంది.

"నిజం రత్నం. గది కప్పు మీద టపటపమని పడతంది. బిజు బయటికెళ్ళి నోరు తెరుసుకుని నిలబడ్డాడు, సిన్నపిల్లాడి లాగ."

"మంచు కాదూ? సరిగ్గా చూడు బావా."

"వాన ఏటో మంచు ఏటో తెలీదేటి నాకు? నువ్వు పంపింది మంచు గదా. మరి దారిలో ఎవలు కరిగించీసేరు?"

అతను నవ్వాడు. ఆమెకు నవ్వు రాలేదు. అక్కడ ఎంత వేడి ఉందో చూసి చెప్పమంది. ఎల్లాజీ చూసి వచ్చి, సున్నా దాటిందన్నాడు. ఆ మాట వినగానే నూకరత్నం తన లెక్కల కాగితాలు దగ్గరికి లాక్కుంది.

ఆమె అప్పుడు 'వరుణి' అనే పరిశోధన నౌకలో, హిందూ మహాసముద్రపు దక్షిణ కొసన ఉంది. ఎదురుగా ఉన్న తెర మీద ఒక పెద్ద తుఫాను సుడి, దాని నుంచి మంచు ఖండం దాకా సాగిన తెల్లని నాలుక కనిపిస్తున్నాయి. ఆ నాలుకను అంత పొడవు సాగదీసింది ఆమే.

ఆ సముద్రంలో తుఫానులకు కొదవ లేదు. వెచ్చటి నీళ్ళ మీద లేచిన ఆవిరిని మోసుకుంటూ అవి ఒకదాని వెనక ఒకటి దక్షిణానికి పోతూనే ఉంటాయి. ధ్రువం మీది మంచంతా యుగాలుగా అవి మోసుకొచ్చిన తడే. కానీ మోసినదంతా చేరదు. దారి పొడవునా కురుస్తూ కురుస్తూ పోయి, చివరికి అవి దించేది పిడికెడు. నూకరత్నం కనిపెట్టిన పొడి ఆ కురవడాన్ని ఆపుతుంది. మేఘంలోని ప్రతి చిన్న బిందువు చుట్టూ అది పల్చని పొరలా పట్టుకుంటుంది. పొర పట్టిన బిందువులు ఒకదానితో ఒకటి కలవవు. కలవకపోతే బరువెక్కవు, బరువెక్కకపోతే పడవు. గడ్డకట్టే చలి తగిలినప్పుడు మాత్రం ఆ పొర చిట్లి, మోసుకొచ్చినదంతా మంచుగా రాలుతుంది. పరిశోధనశాలలో అందరూ ఆ పొడిని 'మూత' అనేవారు.

మూత పుట్టింది విశాఖలోనే అయినా దాని వేరు చినవాడపాలెంలో ఉంది. నూకరత్నం, ఎల్లాజీ ఇద్దరూ ఆ మత్స్యకార పల్లెలోనే పుట్టారు. మేనత్త మేనమామ పిల్లలు. వాళ్ళ చిన్నప్పుడు ఇళ్ళకీ అలలకీ మధ్య ఎంతో ఇసక ఉండేది. తరవాత సముద్రం ముందుకు రావడం మొదలుపెట్టింది. వలలు బాగుచేసుకునే పాక పోయింది. ఆ తరవాత ఒక వీధి, అటుపైన మరో వీధి. సముద్రంలో నీళ్ళు ఎవరు తగ్గించగలరని పల్లె వాళ్ళు అనేవారు. తుఫానులు రోజూ తీసుకుపోతున్నాయి కదా, దారిలో ఒలికించకుండా తీసుకుపోతే చాలు కదా అని నూకరత్నం అనుకుంది. ఆ ఒక్క ఆలోచనతో ఆమె యవ్వనమంతా గడిచింది.

ఎల్లాజీ మంచును కొలిచే మనిషి. భార్య పంపిన తుఫాను ఎంత మంచు దించిందో చూడటానికి తనే వెళ్తానని పట్టుబట్టాడు. సముద్రం మీదకి అరుగులా చాచుకొని ఉన్న ఒక పెద్ద మంచు పలక మీద రేకుల గది వేసుకొని ముగ్గురున్నారు: అతను, కేరళ కుర్రాడు బిజు, మంచు కొండల్లో దారి తెలిసిన లడఖ్ మనిషి స్టాన్జిన్. కిందటేడు చిన్న తుఫానుతో చేసిన పరీక్షలో పొడి మంచు జానెడు పడింది. ఆ రోజు ఎల్లాజీ ఫోనులో పాట పాడాడు. ఈసారి అంతకు ఎన్నో రెట్లు మూత పొడి చల్లారు.

ఆవిరి బిందువుగా మారేటప్పుడు వేడి పుడుతుంది. మామూలు తుఫాను తన తడిని, దానితోపాటు వేడిని దారంతా పంచుకుంటూ పోతుంది. మూత వేసిన తుఫాను రెండింటినీ దాచుకొని పోయింది. ఆ సంగతి నూకరత్నానికి తెలియక కాదు. లెక్క కట్టింది. చిన్న తుఫానులో ఆ వేడి గాలికి చెదిరిపోయింది. ఈసారి కూడా చెదిరిపోతుందనే అనుకుంది. కానీ గాలి అడ్డం తిరిగి, ఆ తెల్లని నాలుక ముందుకూ పోక వెనక్కీ రాక, ఆ ముగ్గురి నెత్తి మీదే ఆగిపోయింది.

వాన తరవాత తడి మంచు మొదలైంది. పిండి ముద్దల్లా పడుతోందని ఎల్లాజీ చెప్పాడు. వాళ్ళ మంచు బండ్లు తడిసి, ఆ తడి బిగుసుకుపోయి కదలడం మానేశాయి. తలుపు తెరుచుకోవడం లేదన్నాడు. ఆ తరవాతి ఫోనులో కిటికీ మూసుకుపోయిందన్నాడు.

"కప్పు మీంచి కన్నం సేసి పైకి పోదామంటన్నాడు స్టాన్జిన్. ఏటంటావ్?"

"వద్దు. ఆ గాలిలో మీరు నిలబడలేరు. లోపలే ఉండండి బావా. విమానం బయల్దేరింది, వచ్చేస్తుంది."

"అలగేలే. అమ్మకి మాత్రం సెప్పకు. అన్నం మానీగలదు."

అదే అతని కడసారి మాట. తరవాత ఫోను కలవలేదు.

గది పక్కనే నాటిన స్తంభం కొస మాత్రం మంచు పైన మిగిలింది. గది నేలలో బిగించిన ఒక పరికరం ఆ స్తంభం ద్వారా సంకేతాలు పంపుతూనే ఉంది. మంచు లోపల పుట్టే పగుళ్ళ చప్పుళ్ళు వినడానికి పెట్టిన పరికరం అది. నూకరత్నం చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుంది. మొదట గరగరమని ఏదో రాపిడి. ఆ తరవాత చప్పుడు. రెండుసార్లు, కాస్త ఆగి ఒకసారి.

ఇంట్లో అయినా, పరిశోధనశాలలో అయినా ఎల్లాజీ తలుపు అలాగే కొడతాడు. రెండు, ఆగి, ఒకటి.

అక్కడ అది వేసవి. సూర్యుడు అస్తమించడు. ఆ ఎడతెగని వెలుతురులో విమానం వచ్చి తిరిగింది, దిగలేక వెళ్ళిపోయింది. కొత్త మంచు ఎంత మెత్తగా ఉందంటే, దింపితే విమానమే మునిగిపోతుందని నడిపేవాడు చెప్పాడు. మళ్ళీ వచ్చారు, మళ్ళీ వెళ్ళిపోయారు. ఆ వారమంతా నూకరత్నం ఓడలో కూర్చొని ఆ చప్పుడు వింది. అవతలికి ఏమీ చెప్పే దారి లేదు. వింటున్నానని అయినా చెప్పడానికి లేదు. చప్పుడు రోజు రోజుకీ నెమ్మదించింది. రెండు, చాలాసేపు ఆగి, ఒకటి. తరవాత రెండే. ఆపైన మంచు చిటపటలు తప్ప ఇంకేమీ వినిపించలేదు.

*

విశాఖలో వాళ్ళ ఇల్లు మూడో అంతస్తులో ఉండేది. ఎల్లాజీ తల్లి పోలమ్మ వాళ్ళతోనే ఉండేది. ఆమె నూకరత్నానికి అత్తే కాదు, తండ్రి తోడబుట్టిన మేనత్త. కొడుకు పోయిన సంగతీ, ఎలా పోయాడన్న సంగతీ ఆమెకు టీవీ వాళ్ళే చెప్పేశారు. కోడలు ఇంటికి చేరేసరికి వంటింట్లో నేల మీద కూర్చొని ఉంది. తిట్టలేదు. గుండెలు బాదుకోలేదు.

"లోపలికి తడి ఎల్లిందేటి?" అని అడిగింది.

"లేదత్తా. గది గట్టిది. లోపల పొడిగానే ఉంటుంది."

"అయితే సరే."

పల్లె నుంచి పెద్దలు వచ్చి కర్మ మాట ఎత్తితే పోలమ్మ ఒప్పుకోలేదు. "మా ఇంటాయన సముద్రంలో పోయాడు. మనిషి దొరక్కపోయినా సముద్రం ఎదురుగుండా ఉంది, నీళ్ళొదిలీసేం. ఇప్పుడు మంచులో ఉన్నోడికి ఎక్కడ నిలబడి ఒదలమంటారు? ఆడు ఇంకా ఎక్కడికీ సేరలేదు. సేరాక సూద్దాం" అంది. నుదుట బొట్టు తియ్యమని కోడలితో ఒక్కరూ అనకుండా ఆమే అడ్డం కూర్చుంది.

నూకరత్నం పనిలో పడింది. ఉదయమే వెళ్ళిపోయేది. కుళాయి సరిగ్గా కట్టకపోతే నీటి చుక్కలు రెండు పడి, ఆగి, ఒకటి పడేవి. పక్కింటి వాళ్ళు మసాలా దంచితే దానిలోనూ అదే వరస. బస్సులో టిక్కెట్లు కొట్టే ఆయన పెన్నుతో కమ్మీ మీద కొడుతుంటే, మధ్యలోనే దిగి నడిచి వెళ్ళిపోయింది. చప్పుడు వరసలో ఉంటే ఒక బాధ. వరస లేకపోతే ఎక్కడ తప్పిందా అని వెతకడం మరో బాధ.

ఒకరోజు పోలమ్మ తనూ వస్తానంది. పరిశోధనశాలలో ఆ పరికరం పంపే చప్పుళ్ళు అప్పటికీ అందుతూనే ఉన్నాయి. దాని బ్యాటరీ ఏళ్ళ తరబడి పనిచేసేది. పోలమ్మ తలకు హెడ్‌ఫోన్ పెట్టించుకొని, కళ్ళు మూసుకొని చాలాసేపు వింది. కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"పడవ సెక్కలు కిర్రుమన్నట్టుంది అమ్మీ. లంగరేసిన పడవ."

"మంచు పగుళ్ళత్తా అవి."

"ఏటైతేనేం" అంది పోలమ్మ. ఆ రోజు నుంచి వారానికోసారి వచ్చి వినిపోయేది.

*

పరిశోధనశాల సంచాలకుడు డాక్టర్ చయనులు మంచివాడు. ఆ ముగ్గురి ఇళ్ళకీ స్వయంగా వెళ్ళాడు. స్టాన్జిన్ తల్లి దగ్గర ఆ కొండల్లో నాలుగు రోజులు ఉండి వచ్చాడు. వచ్చాక నూకరత్నాన్ని తన గదికి పిలిచి తలుపు వేశాడు.

"ఎలా చెప్పాలో తెలియడం లేదమ్మా. ఉపగ్రహం లెక్కలు వచ్చాయి. ఆ ఒక్క తుఫాను దించిన మంచు, ఆ ప్రాంతంలో మామూలుగా ఎన్నో ఏళ్ళకు పడేటంత ఉంది. అంత నీరు సముద్రంలోంచి తగ్గినట్టే. మూత పనిచేసింది."

నూకరత్నం చెయ్యి చాస్తే ఆయన ఆ లెక్కల కాగితం అందించాడు.

"సముద్రమట్టానికి సమానంగా బతుకుతున్న దేశాలు ఫోన్లు చేస్తున్నాయి. మళ్ళీ ఎప్పుడని అడుగుతున్నాయి. ఈసారి కొలిచే వాళ్ళని ఇంకా దూరంగా పెడదాం. పొర ఏ చలికి చిట్లాలో తుఫాను తుఫానుకీ సరిచూసుకోవాలి. అది నీకు తప్ప ఎవరికీ ఇంకా పట్టుబడలేదు. నిన్ను బలవంతం చెయ్యను."

ఆ వారంలోనే చినవాడపాలెం నుంచి చోడిపల్లి సత్తెమ్మ పరామర్శకు వచ్చింది. ఆమె ఇల్లు సముద్రంలో పోయి బడి వరండాలో కాపురముంటోంది. పోలమ్మ చేతులు పట్టుకొని ఏడ్చింది. వెళ్తూ వెళ్తూ నూకరత్నంతో, "ఎల్లాజీ పోయాడు గాని మా ఇళ్ళు నిలబెట్టి పోయాడంటన్నారే అందరూ. మద్దెలో ఆపీకమ్మా. ఆడి సావు ఊరికే పోకూడదు" అంది.

నూకరత్నం ఒప్పుకొంది. ఒప్పుకొని కొత్త పొడి తయారు చేయించింది. ఆ నెలల్లో ఆమె మొహం చూసిన వాళ్ళకు ఆమె నిబ్బరం ఆశ్చర్యం కలిగించేది.

ఒక మధ్యాహ్నం, చప్పుళ్ళతోపాటు ఆ స్తంభం ఎక్కడుందో చెప్పే అంకెల్ని యథాలాపంగా చూసింది. పాతవాటితో పోల్చింది. పరికరం తప్పు చెబుతోందనుకొని మళ్ళీ చూసింది. తప్పు కాదు. గది కదులుతోంది. ఆ మంచు పలక ఎప్పుడూ సముద్రం వైపు నెమ్మదిగా జరిగేదే. కానీ ఇప్పుడు అంతకుముందు కంటే ఎన్నో రెట్లు వేగంగా జరుగుతోంది. మంచులో కప్పబడిన ముగ్గురూ ఆ గదిలో కూర్చొని ప్రయాణం చేస్తున్నారు.

అంతలోనే ఆమెకు సంగతి అర్థమైంది. వాన. మంచు మీద పడ్డ ఆ వాన నీరు పగుళ్ళలోకి దిగింది. కట్టెలో దిగగొట్టిన మేకులా పగులుని లోతుకి చీల్చుకుంటూ పోయింది. పోలమ్మకు పడవ చెక్కల్లా వినిపించింది ఆ చీలికే. సముద్రం మీదకి చాచుకొని ఉన్న ఆ పలక, వెనకనున్న కొండంత మంచుకి చెరువు కట్ట లాంటిది. కట్ట పగిలితే వెనకనున్నదంతా జారి సముద్రంలోకి దిగుతుంది. తుఫాను పైన దించిన దానికంటే కింద నుంచి పోయేదే ఎక్కువ.

చయనులు ఆ లెక్కలు రెండుసార్లు చదివాడు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఒక్క చోటే కదమ్మా ఇది. ఒక్క పలక."

"ఒక్కచోటే వాన పడింది కాబట్టి సార్."

"ఈసారి పొరని ఇంకా చలికి చిట్లేలా బిగిద్దాం. వాన పడకుండా..."

"వేడి మాత్రం వస్తుంది కదా. వేడిని వదిలి తడిని ఒక్కదాన్నే పంపడం నాకు చేతకాలేదు సార్. ఎవరికీ చేతకాదేమో."

"ఓడ సిద్ధంగా ఉంది. ఇప్పుడు ఆపితే మళ్ళీ మొదలుపెట్టనివ్వరు. ఇంకొక్క పరీక్ష. అది కూడా ఇలాగే అయితే నేనే ఆపేస్తాను." ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "నా మనవరాలు పెద్దదయ్యేసరికి ఈ తీరంలో ఏ ఊరు మిగులుతుందో నాకు తెలుసు. చేతిలో ఉన్న ఒక్క మందునీ నన్ను పారెయ్యమంటున్నావు."

నూకరత్నం ఇంటికి వెళ్ళింది. ఓడ ఎక్కడానికి పెట్టె సర్దుకుంది.

బయల్దేరే రోజు ఉదయం గుమ్మం దగ్గర పోలమ్మ ఆమెను ఆపింది.

"ఆ గదిలోంచి ఆడు తలుపు కొట్టాడు గదా?"

నూకరత్నం చేతిలోని పెట్టె కింద పెట్టింది. ఆ వారం సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. ఓడలో ఉన్న ఇద్దరు ముగ్గురికి తప్ప తెలియదు.

"నీకెవరు చెప్పారత్తా?"

"ఎవలూ సెప్పనేదు. వొచ్చిన కాణ్ణుంచి సూస్తన్నాను. ఎవలు తలుపు కొట్టినా నువ్వు తియ్యడం మానీసేవు. పాలోడొచ్చినా నన్నే ఎల్లమంటన్నావు." పోలమ్మ కోడలి గడ్డం పట్టుకొని మొహం పైకెత్తింది. "ఎన్నాళ్ళు కొట్టాడు?"

నూకరత్నం చెప్పింది. లోపలే ఉండమని తనే అన్న సంగతి కూడా చెప్పింది. పోలమ్మ ఆమెను వదిలి గోడకు చేరగిలబడింది. వీధిలో కూరగాయల బండి అరుచుకుంటూ వెళ్ళిపోయింది.

"నువ్వు సెప్పినా సెప్పకపోయినా ఆళ్ళు బయటికొస్తే గాలికే పోదురు. సముద్రపోళ్ళ ఆడదాన్ని, గాలి సంగతి నాకు తెల్సు. అది ఒగ్గీ." తరవాత గొంతు మారింది. "ఇప్పుడు మళ్ళీ తుఫాను పంపీడానికి ఎల్తన్నావు. ఈపాలి ఎవలి కొడుకులున్నారు అక్కడ?"

*

ఈపాలి అక్కడ నలుగురున్నారు. పాత చోటికి దూరంగా, గట్టి నేల మీద. వాళ్ళలో ఒకడు ఓడకి ఫోను చేసి, ఆకాశం నిర్మలంగా ఉందనీ తాము ఎదురుచూస్తున్నామనీ హుషారుగా చెప్పాడు. పేరు అడగాలనుకొని నూకరత్నం అడగలేకపోయింది.

చయనులు తనే స్వయంగా ఓడలో వచ్చాడు. ఉత్తరాన తుఫాను పుట్టి, బలిసి, వాళ్ళ వైపు వస్తోంది. పొడిని ఎగరేసే డ్రోన్లు వెనక డెక్కు మీద వరసగా ఉన్నాయి. వాటి పక్కన పొడి నింపిన తొట్లు. మూతకి ఒక గుణం ఉంది. గాలిలో ఎగిరితే ఎంత పనిచేస్తుందో, ముద్దగా తడిస్తే అంత పనికిరాకుండా పోతుంది. అందుకే తొట్లను టార్పాలిన్ పట్టాలతో కప్పి బిగించి కాపాడుతూ వచ్చారు.

పగలు భోజనాల వేళ, డెక్కు ఖాళీగా ఉన్నప్పుడు, నూకరత్నం పట్టాలు విప్పింది. డెక్కు కడిగే గొట్టం లాగి, సముద్రపు నీళ్ళు తిప్పి, మొదటి తొట్టిలోకి వదిలింది. తెల్లటి పొడి బుసబుసమని పొంగి బూడిదరంగు ముద్దయింది. రెండో తొట్టి. మూడోది. నీటి ఒత్తిడికి గొట్టం చేతుల్లోంచి జారిపోతుంటే చంకలో అదిమి పట్టుకొంది. చలికి వేళ్ళు స్పర్శ తప్పాయి. ఎన్నో ఏళ్ళ పని కాళ్ళ చుట్టూ బురదలా చేరుతుంటే ఆమెకు దుఃఖం రాలేదు. పని పూర్తయ్యేలోపు ఎవరైనా వస్తారేమోనన్న భయం ఒక్కటే ఉంది.

చివరి తొట్టి దగ్గర ఉండగా చయనులు వచ్చాడు. మెట్ల మీదే ఆగిపోయాడు. ఆమె గొట్టం ఆపలేదు.

తొట్టి నిండి పొర్లాక ఆయన దగ్గరికి వచ్చాడు. "ఇది మళ్ళీ చేయించగలను. నువ్వు లేకపోయినా ఎవరో ఒకరు నేర్చుకుంటారు."

"చేయించండి సార్. అప్పుడు కొలవడానికి మాత్రం ఎవర్నీ పంపకండి. మీరూ నేనూ వెళ్దాం."

చయనులు తడిసిన పొడిని బూటుతో కదిపాడు. లోపలికి వెళ్ళి, దక్షిణాన మకాం వేసిన నలుగురినీ వెనక్కి పిలిపించమని కెప్టెన్‌కి చెప్పాడు. ఆ సాయంత్రం తుఫాను వాళ్ళ మీదుగా పోయింది. మామూలు తుఫాను. దారంతా కురుస్తూ, తన బలమంతా ఖాళీ సముద్రం మీద ఖర్చు చేసుకుంటూ పోయింది.

*

నూకరత్నం ఉద్యోగం పోయింది. కేసు పెడతామన్నారు కానీ పెట్టలేదు. మంచు పలక లెక్కలు అప్పటికి వేరే దేశాల వాళ్ళు కూడా చూశారు, మూత గురించి మాట్లాడటం తగ్గించారు. ఆమె ఒక కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ బతికింది. చినవాడపాలెంలో సముద్రం బడి ప్రహరీ దాకా వచ్చింది. ఒకసారి బజారులో సత్తెమ్మ ఎదురైతే నూకరత్నం పలకరించబోయింది.

"నీ మొగుడు పోయాడని సముద్రాన్ని మా మీదకి ఒగ్గీసేవా?" అంది సత్తెమ్మ అందరి ముందూ.

నూకరత్నం దగ్గర జవాబు ఉంది. పలక, కట్ట, వేడి. బజారులో నిలబడి అదంతా చెప్పాలనిపించలేదు. తల వంచుకొని ఇంటికి వచ్చేసింది.

కొన్నాళ్ళకు ఆ పలక విరిగింది. గది ఉన్న ముక్క ఒక ఊరంత మంచుకొండగా విడిపోయి సముద్రంలోకి తేలింది. సంకేతం ఇంకా వస్తూనే ఉంది. పాత స్నేహితురాలు ఒకామె రోజూ ఆ అంకెలు పంపేది. మొదట అది తీరం వెంట పడమరగా పోయింది, తరవాత ఉత్తరానికి తిరిగింది. పోలమ్మ పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకొని కోడలి పక్కన కూర్చునేది.

"ఈవేళ ఎందాకా వొచ్చేడు?"

నూకరత్నం గ్లోబు మీద వేలు పెట్టి చూపించేది. ఒక్కోసారి వెనక్కి వెళ్ళేది. ఒక్కోసారి వారాల తరబడి ఒకే చోట గుండ్రంగా తిరిగేది. "దారి సూసుకుంటన్నాడు" అనేది పోలమ్మ. వాళ్ళిద్దరి మధ్యా ఎల్లాజీ గురించి అంత తేలికగా మాటలు సాగిన రోజులు అవే. రాత్రి కలలో మాత్రం నూకరత్నానికి ఆ గది లోపల కనిపించేది. ముగ్గురూ గోడకు చేరగిలబడి కూర్చొని, కొట్టడం మానేసి, ఎవరో రావడం కోసం వింటూ ఉండేవారు.

ఒకరోజు మధ్యాహ్నం అంకెలు రాలేదు. మరునాడూ రాలేదు. చివరిగా అందిన వేడి కొలత చూస్తే, గది నీళ్ళలోకి దిగిందని తెలిసింది. నూకరత్నం చాపమీద కూర్చొని రొయ్యలు ఒలుస్తున్న అత్త దగ్గరికి వెళ్ళి చెప్పింది. పోలమ్మ చేతులు ఆగిపోయాయి.

"సముద్రంలోకి వొచ్చీసేడా?"

"వచ్చేశాడత్తా."

"అయితే ఇంక మనకి తెల్సిన సోటే" అని, పోలమ్మ అప్పుడు ఏడ్చింది. అన్నేళ్ళకు మొదటిసారి, నోరారా, పక్క ఇళ్ళ వాళ్ళు పరిగెత్తుకొచ్చేలా.

కర్మ చినవాడపాలెంలోనే చేశారు. పల్లె ఆడవాళ్ళు వచ్చారు. సత్తెమ్మ కూడా వచ్చింది. నూకరత్నంతో మాట్లాడలేదు కానీ పోలమ్మ జబ్బ పట్టుకొని అలల్లోకి దించింది. ముగ్గురూ నడుం లోతు నీళ్ళలో దక్షిణానికి తిరిగి నిలబడ్డారు. పోలమ్మ కొడుకు పేరు చెప్పి దోసిలితో నీళ్ళు వదిలింది. బిజు పేరు చెప్పి వదిలింది. తరవాత కోడలి వైపు తిరిగింది.

"ఆ కొండల కుర్రోడి తల్లి సముద్రం ఎప్పుడూ సూడనేదంట గదా. ఆడికీ ఒదలాల. పేరు నాకు నోరు తిరగదు, నువ్వు సెప్పు."

"స్టాన్జిన్" అంది నూకరత్నం.

ముగ్గురూ దోసిళ్ళతో నీళ్ళు తీసి వదిలారు. ఎదురుగా కెరటం లేచి వాళ్ళని భుజాల దాకా తడిపి వెళ్ళింది. చలికాలం. నీళ్ళు వణికించాల్సిన నెల. నూకరత్నం దోసిట్లో మిగిలిన నీటిని కాసేపు అలాగే పట్టుకొని నిలబడింది. అది గోరువెచ్చగా ఉంది.